కుర్చీలో కూర్చుని ఆడిన ఆట

డెర్బీ సిటీ క్లాసిక్‌లో నన్ను మొదటిసారి మైకులో పిలిచినప్పుడు అది నా పేరేనని నాకు తెలియలేదు. ఇంగ్లిషులో రాస్తే మా ఇంటిపేరు పదమూడు అక్షరాలు. మైకు పట్టుకున్నాయన దాన్ని మొదలుపెట్టాడు, సగంలో ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి "వెంకట్ కె... టేబుల్ 38" అని వదిలేశాడు. పక్కనున్న మా పెద్దాయన మోచేత్తో పొడిచి "నిన్నే, లే" అన్నాడు.

ముందు అసలు సంగతి చెప్పాలి. మా అమ్మకి ఫోన్లో "పూల్ టోర్నమెంటుకి వెళ్తున్నానమ్మా" అంటే "ఈ చలిలో ఈతేమిట్రా" అంది. ఆ పూల్ కాదు. గుడ్డ పరిచిన బల్ల, ఆరు పాకెట్లు, చేతిలో స్టిక్. ఏటా జనవరిలో ఇండియానా రాష్ట్రంలోని ఎలిజబెత్ అనే చిన్న ఊళ్ళో, ఒహాయో నది ఒడ్డున, సీజర్స్ సదరన్ ఇండియానా అనే కేసినో హోటల్లో ఈ పోటీ జరుగుతుంది. నదికి అవతల కెంటకీ రాష్ట్రం, లూయివిల్ నగరం. గుర్రప్పందేల డెర్బీకి పేరుపడిన ఊరు కాబట్టి పోటీకి ఆ పేరొచ్చింది. డైమండ్ కంపెనీ పూల్ బల్లలు తయారుచేసే గ్రెగ్ సలివన్ 1999లో దీన్ని మొదలుపెట్టాడు. తొమ్మిది రోజుల్లో మూడు ఆటలు: బ్యాంక్ పూల్, వన్ పాకెట్, నైన్ బాల్. మూడింటిలో కలిపి అందరికంటే బాగా ఆడినవాడికి 'మాస్టర్ ఆఫ్ ద టేబుల్' అని బిరుదిస్తారు. ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ దాన్ని ఐదుసార్లు పట్టుకుపోయాడు.

ఇందులో నాలాంటివాడికి చోటెక్కడిది అంటారా? అదే ఈ పోటీ గొప్పతనం. ఫీజు కట్టినవాడెవడైనా ఆడొచ్చు. క్వాలిఫయింగ్ లేదు, సిఫారసు అక్కర్లేదు. పేరు డ్రాలో పడుతుంది, ఎదురుగా ఎవరొస్తే వాళ్లతో ఆడాలి. మా వీధి చివర టెన్నిస్ బంతితో ఆడే కుర్రాడు ఫీజు కట్టేసి బుమ్రా ఓవర్ ఎదుర్కోవడం లాంటిది.

నేను స్టిక్ పట్టుకున్నది అమీర్‌పేటలో, 2006లో, జావా కోర్సు చేస్తూ హాస్టల్లో పడివున్న రోజుల్లో. టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తులో ఒక పార్లర్ ఉండేది. ఒక స్నూకర్ బల్ల, మూడు పూల్ బల్లలు. గంటకింత. బిల్లు ఓడినవాడే కట్టాలి. నేనూ నా రూమ్మేటూ నెలాఖరు రోజుల్లో ఆడిన ఆటలకున్న టెన్షన్ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ నాకు కలగలేదు. ఓడితే రేపటి టిఫిన్ పోయినట్టే. ఆట మధ్యలో కరెంటు పోయేది. జనరేటర్ వేసేదాకా ఎవరూ బంతి కదపకూడదని రూలు. అందుకని చీకట్లో ఇద్దరం చెరో పక్కా చేతులు పైకెత్తి నిలబడేవాళ్లం. స్నూకర్ బల్ల ఖాళీ ఉంటే అది కూడా ఆడేవాడిని. స్నూకర్ మన జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో పుట్టిందట. ఆ ముక్క తెలిశాక ఆ బల్ల మీద ఓడటం మరీ అవమానంగా ఉండేది.

ఇప్పుడు కొలంబస్‌లో ఉంటున్నాం. మంగళవారం రాత్రి లీగ్, ఆదివారం చిన్న టోర్నమెంట్. మా టీమ్‌లో డెబ్బై దాటిన ఒకాయన ఉన్నాడు, పుట్టి పెరిగింది కెంటకీలోనే. నేను మనసులో ఆయన్ని పెద్దాయన అనుకుంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. డెర్బీ సిటీ మొదలైన కొత్తలో లూయివిల్‌లోని హోటల్లో జరిగేదట, అప్పట్నుంచీ వెళ్తున్నాడు. "ఒక్కసారైనా ఆడు. ఓడిపోతావు. కానీ దేనివల్ల ఓడిపోతున్నావో దగ్గర్నుంచి చూస్తావు" అని మూడేళ్లు నస పెట్టాడు.

ఎంత ఘోరంగా ఓడిపోతానో నాకు ముందే లెక్క తెలుసు. మేం ఆడే ఆటలు చాలావరకు ఫార్గోరేట్ అనే పద్ధతిలో నమోదవుతాయి. ఇద్దరి రేటింగుల మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడు రెండు ర్యాకులు (ఒకసారి పేర్చిన బంతులతో ఆడే ఆట ఒక ర్యాకు) గెలిచేలోపు కిందవాడు ఒకటి గెలుస్తాడు. రెండొందలైతే నాలుగుకి ఒకటి, మూడొందలైతే ఎనిమిదికి ఒకటి. నాది 512. పెద్ద ప్రొఫెషనల్స్ ఎనిమిది వందల చుట్టుపక్కల ఉంటారు. ఎక్సెల్ షీట్ కూడా అక్కర్లేదు.

సంక్రాంతి అయిన వారం అది. నాలుగు రోజుల సెలవు పెట్టానని చెబితే మా ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఏవండీ, ఓడిపోగానే వచ్చేస్తారా, ఓడిపోయి కూడా అక్కడే ఉంటారా?" అని మాత్రం అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తెలిసిపోయినట్టుంది, అరిసెలు, జంతికలు రెండు డబ్బాల నిండా సర్దేసింది.

కొలంబస్ నుంచి ఇంటర్‌స్టేట్ 71 పట్టుకుంటే సిన్సినాటి మీదుగా లూయివిల్‌కి మూడు గంటల పైచిలుకు. అక్కడ నది దాటి ఇండియానాలోకి వెళ్లి, నది పక్కనే వంకర్లు తిరిగే చిన్న రోడ్డు మీద దక్షిణంగా దిగాలి. పెద్దాయన దారంతా బ్యాంక్ పూల్ గురించే చెప్పాడు. ఆయన ఆట అదే, లూయివిల్ చుట్టుపక్కల పాతకాలపు ఆటగాళ్లందరి ఆటా అదే. అందులో బంతిని తిన్నగా పాకెట్లో వేస్తే లెక్కలోకి రాదు. కనీసం ఒక కుషన్‌కి, అంటే బల్ల అంచు గోడకి, కొట్టుకుని తిరిగొచ్చి పడాలి, దారిలో ఇంకో బంతిని తాకకూడదు, ఏ పాకెట్లో పడుతుందో ముందే చెప్పాలి. ఆయన ఆ పోటీ ఆడటానికి మొదటి వారాంతంలోనే ఒకసారి వెళ్లి, రెండు రౌండ్లు గెలిచి, ఓడి, నన్ను తీసుకెళ్లడానికి మళ్లీ వెనక్కి వచ్చాడు. అరిసె చేతికిస్తే తిప్పి తిప్పి చూసి "డోనట్‌కి చిల్లు పెట్టడం మర్చిపోయారు" అని, ఆ తర్వాత నాలుగు తిన్నాడు.

నేను చేసిన మొదటి తప్పు అక్కడికి చేరిన రాత్రే. నిద్ర ముంచుకొచ్చి స్టిక్ సంచిని కారు డిక్కీలోనే వదిలేశాను. బయట నీళ్లు గడ్డకట్టే చలి. పొద్దున్న తెచ్చి స్టిక్ బిగించి, చాక్ రాద్దామని తిప్పేసరికి చివరన ఉండాల్సిన తోలు టిప్ ఊడి చాక్‌కి అంటుకుని వచ్చేసింది. పాతబడ్డ జిగురు ఆ చలికి వదిలేసినట్టుంది. పెద్దాయన నా వంక చూసిన చూపు మా నాన్న నా ఇంటర్ మార్కులు చూసినప్పటి చూపు.

నయం ఏమిటంటే ఆ హాలు పక్క వరండా అంతా సంతలాంటిది. స్టిక్కులు అమ్మేవాళ్లు, సంచులు అమ్మేవాళ్లు, లేతు మెషిన్ పెట్టుకుని అక్కడికక్కడే రిపేరు చేసేవాళ్లు. ఒకాయన నా స్టిక్ తీసుకుని, కొసనున్న తెల్లటి ఫెర్రూల్‌ని సాపుచేసి, కొత్త టిప్‌ని జిగురుతో అతికించి, లేతు మీద తిప్పుతూ అంచులు కోసి, ఉప్పు కాగితంతో గుండ్రంగా చేసి ఇచ్చాడు. ఇరవై నిమిషాలు పట్టలేదు. కొత్త టిప్ గట్టిగా ఉంటుంది, బంతి మీద జారుతుంది, రెండు గంటలు కొడితేగానీ దారికి రాదని చెప్పాడు. నా మొదటి ఆటకి గంటన్నర ఉంది.

హాలు గురించి ఎంత చెప్పినా తక్కువే. పెళ్లిళ్లు చేసే పెద్ద బాల్‌రూమ్ అనుకోండి, అందులో తోట వేసినట్టు వరసలు వరసలుగా తొమ్మిదడుగుల డైమండ్ బల్లలు. ప్రతి బల్ల పక్కనా రెండు కుర్చీలు. మాట్లాడేవాళ్లు గుసగుసగానే మాట్లాడతారు, అయినా హాలంతా ఒక హోరు ఉంటుంది, బంతులు తగిలే టకటక, బ్రేక్ కొట్టినప్పుడు, అంటే పేర్చిన బంతుల్ని మొదటి దెబ్బతో చెదరగొట్టినప్పుడు, పటాసు పేలినట్టు. మనం యూట్యూబ్‌లో చూసే మనుషులు మామూలుగా కాఫీ కప్పు పట్టుకుని పక్కనుంచి నడిచిపోతుంటారు. వాళ్లకి వేరే హాలు లేదు, వేరే బల్లలు లేవు. టీవీ కెమెరాల బల్ల మాత్రం విడిగా ఉంటుంది, చుట్టూ మెట్ల వరసలతో.

డ్రా పద్ధతి కూడా మామూలు పోటీల్లా కాదు. ఎవరెవరితో ఆడతారో మొత్తం పట్టిక ముందే ఉండదు. ప్రతి రౌండుకీ మళ్లీ డ్రా తీస్తారు. ఓడినవాళ్లకి ఒక అవకాశం ఉంది. ఇంకోసారి డబ్బు కడితే తర్వాతి రౌండు డ్రాలో పేరు మళ్లీ వేస్తారు. దాన్ని బై-బ్యాక్ అంటారు, ఒక్కసారే. అందుకని ఎప్పుడు పిలుస్తారో, ఎవరితో పిలుస్తారో తెలియక జనం మైకు కింద తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా తిరుగుతుంటారు. నా పేరు ఆ మైకులో ముక్కలైందని మొదట్లో చెప్పాను కదా. ఎఫ్రెన్ రేయెస్ 1985లో మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు పేరు తెలిస్తే ఎవరూ తనతో ఆడరని సీజర్ మొరాలెస్ అనే దొంగ పేరుతో ఆడాడట. నాకు ఆ శ్రమ అక్కర్లేకపోయింది, మైకాయనే నాకో మారుపేరు పెట్టాడు.

నైన్ బాల్ రూల్స్ రెండు ముక్కల్లో చెప్తాను. బల్ల మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా బంతులు. తెల్ల బంతి ఎప్పుడూ ముందుగా అన్నిటికంటే చిన్న నంబరును తాకాలి. ఎవరు తొమ్మిదిని వేస్తే ర్యాకు వాళ్లది. ఫౌల్ చేస్తే అవతలివాడు తెల్ల బంతిని చేత్తో తీసుకుని కావలసిన చోట పెట్టుకుంటాడు. ముందు తొమ్మిది ర్యాకులు గెలిచినవాడిది మ్యాచ్. బంతులు ఎవరివి వాళ్లే పేర్చుకుంటారు, ర్యాకు గెలిచినవాడే తర్వాతి బ్రేక్ కొడతాడు. ఈ చివరి రూలు దగ్గరే ఉంది తంటా అంతా. అవతలివాడు గెలుస్తూ పోతే మనకి బల్ల దగ్గర పనే ఉండదు.

టేబుల్ 38లో నాకు తగిలింది టెనెసీ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్. నా వయసువాడే, రేటింగూ ఇంచుమించు నాదే. చేతులు వణుకుతున్నాయని ఆయనే ముందు చెప్పేశాడు, దాంతో నా వణుకు సగం తగ్గింది. ఎవరు బ్రేక్ చేయాలో తేల్చడానికి ఇద్దరం చెరో బంతిని అవతలి కుషన్‌కి కొట్టి వెనక్కి రప్పిస్తాం, ఇవతలి కుషన్‌కి దగ్గరగా ఆగినవాడిది బ్రేక్. దీన్ని ల్యాగ్ అంటారు. నా బంతి ఆయన వైపు కూడా దాటి ఎటో పోయింది. కొత్త టిప్ సంగతి చెబితే సాకు చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను.

ఆ మ్యాచ్ రెండున్నర గంటలు సాగింది. అందంగా ఆడామని ఇద్దరిలో ఎవరమూ అనలేం. ఏడో బంతి దాకా బాగా రావడం, అక్కడ తప్పడం, కూర్చోవడం, వాడు ఎనిమిది దగ్గర తప్పడం, లేవడం. స్నూకర్ అలవాటు ఒకటి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. స్నూకర్ బంతికంటే పూల్ బంతి పెద్దది, బరువైనది. తెల్ల బంతిని వెనక్కి లాగాలంటే నాకు అలవాటైన దెబ్బ చాలదు. మా లీగ్‌లో ఏడడుగుల బల్ల మీద అది కనబడదు, ఇక్కడ తొమ్మిదడుగుల మీద ప్రతి షాటులోనూ ఒక జానెడు తక్కువ పడింది. చివరికి 9–7తో గెలిచాను. ఎలక్ట్రీషియన్ చెయ్యి కలిపి, నేరుగా బై-బ్యాక్ కౌంటర్ వైపు నడిచాడు. ఫలితం కౌంటర్లో చెప్పాల్సింది గెలిచినవాడే. ఆ పదిహేను అడుగులూ నేను నడిచిన నడక మా ఆవిడ చూసుంటే నవ్వేది.

రెండో రౌండు మర్నాడు మధ్యాహ్నం. ఈసారి పిలిచింది ఒక ప్రొఫెషనల్‌తో. పేరు రాయను. కెమెరాల బల్ల మీద నేను చాలాసార్లు చూసిన మనిషి, రేటింగ్ 790. తేడా 278. అంటే దాదాపు ఏడు ర్యాకులకి నాకొకటి. తొమ్మిదికి ఆట కాబట్టి న్యాయంగా నాకు రావాల్సింది ఒకటి, ఇంకొకటిలో కొసరు. పెద్దాయన వెనక కుర్చీలో కూర్చుని జంతికలు నములుతూ "మూడు తెచ్చుకుంటే రాత్రి భోజనం నాది" అన్నాడు.

ల్యాగ్ ఆయనే గెలిచాడు. ఆయన బంతి కుషన్‌కి ఆనీ ఆననట్టు ఆగింది. మ్యాజిక్ ర్యాక్ అనే పల్చటి ప్లాస్టిక్ రేకు మీద బంతులు పేర్చి, వేలితో ఒక్కొక్క సందూ తడిమి చూసుకుని, బల్ల పక్కకి జరిగి నిలబడి బ్రేక్ కొట్టాడు. అమీర్‌పేటలో మేం బ్రేక్ అంటే ఒళ్లంతా ఊపి కొట్టేవాళ్లం, తెల్ల బంతి ఎగిరి పక్క బల్ల కింద దూరినా సరే. ఈయన సగం బలంతో కొట్టాడు. పేర్చిన బంతుల్లో పక్క కొసనుండే రెక్క బంతి మూల పాకెట్లోకి పాకుతూ పోయింది, తెల్ల బంతి బల్ల మధ్యలో ఆగి కదలకుండా కూర్చుంది. తర్వాత ఎనిమిది షాట్లు. నేను కుర్చీలోంచి లేవలేదు.

రెండో ర్యాకూ అంతే.

అప్పుడు గమనించడం మొదలుపెట్టాను, చేయడానికి ఇంకేం పని లేదు కనుక. నేను చిన్నప్పట్నుంచీ మంచి ఆటగాడంటే తెల్ల బంతితో విన్యాసాలు చేసేవాడనుకున్నాను. బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి లాగడం, మూడు కుషన్లు తిప్పడం. మేం ఈలలు వేసింది వాటికే. ఈయన తెల్ల బంతి చాలాసార్లు జానెడు కూడా కదలలేదు. మూడో నంబరు వేసేటప్పుడు ఆయన చూస్తున్నది నాలుగుని కాదు, ఐదుని. నాలుగుకి ఏ పక్క ఆగితే ఐదుకి తనంతట తానే వెళ్తుందో ముందే చూసుకుని అక్కడ ఆపుతున్నాడు. అందుకని ప్రతి షాటూ నేనైనా వేయగలిగేంత తేలికగా కనబడుతోంది. కష్టమైన షాటు ఆయనకి రావడమే లేదు. కష్టమైన షాట్లన్నీ నాకోసం దాచిపెట్టాడని మూడో ర్యాకులో తెలిసింది.

ఆ ర్యాకులో బ్రేక్ తర్వాత ఒకటో నంబరు ఇంకో బంతి చాటున పడింది. బ్రేక్ అయిన వెంటనే ఒకసారి మాత్రం దేన్నీ తాకకపోయినా ఫౌల్ కాకుండా తెల్ల బంతిని పక్కకి నెట్టుకోవచ్చు, పుష్ అవుట్ అంటారు. ఆయన అలా నెట్టాడు. ఇక నేనే ఆడాలో, తిరిగి ఆయన్నే ఆడమనాలో నేను తేల్చుకోవాలి. చూస్తే ఒక సన్నటి కట్ కనబడుతోంది, వేసేయొచ్చనిపించింది. కానీ ఈయన నాకు వేసేయొచ్చనిపించే బంతి ఎందుకు వదులుతాడు అని అనుమానమొచ్చి "మీరే ఆడండి" అన్నాను. ఆయన చిన్నగా తల ఊపి, ఒకటిని ముట్టీ ముట్టకుండా తాకించి, తెల్ల బంతిని రెండు బంతుల వెనక గోడ కట్టినట్టు దాచేశాడు. నేను కుషన్ల మీది డైమండ్ గుర్తులు లెక్కపెట్టి, ఒక కుషన్ మీదుగా కొట్టాను. అరచెయ్యంత దూరంలో తప్పింది. ఫౌల్. తెల్ల బంతి ఆయన చేతిలో. 3–0.

6–0 దాకా అదే కథ. ఏడో ర్యాకులో ఆయన బ్రేక్ కొట్టినప్పుడు తెల్ల బంతి కూడా పాకెట్లో పడింది. లేచాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, అంతసేపు కూర్చుని ఉన్నాను. బల్ల తెరుచుకుని ఉంది, తెల్ల బంతి నా చేతిలో, అడ్డం ఏమీ లేవు. ఆయన్ని చూసి నేర్చుకున్నట్టు చిన్న చిన్న అడుగులే వేద్దామనుకున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర కాస్త దూరం పోయింది, ఎలాగో ఏడుకి వచ్చాను. తొమ్మిది వేసినప్పుడు వెనక పెద్దాయన కుర్చీ చేతి మీద వేళ్లతో తట్టిన చప్పుడు వినబడింది. 6–1. అది నాది, ఎవరి దయా కాదు.

తర్వాతిది మాత్రం దయే. నేను మూడో నంబరును ఒక మూలకి కొడితే అది తప్పి, తిరిగొచ్చి తొమ్మిదికి తగిలి, తొమ్మిది ఇంకో మూల పాకెట్లో పడింది. నైన్ బాల్‌లో చెప్పి కొట్టక్కర్లేదు, పడితే పడినట్టే. స్నూకర్ అలవాటుగా చెయ్యెత్తి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వి, పిడికిలితో బల్ల అంచు మీద రెండుసార్లు తట్టాడు. 6–2. తర్వాతి బంతులు పేరుస్తూ మనసులో 6–6 దాకా వెళ్లిపోయాను, కొలంబస్‌లో ఎవరెవరికి ఫోన్ చేయాలో కూడా అనుకున్నాను. ఒళ్లంతా ఊపి బ్రేక్ కొట్టాను. ఒక్క బంతీ పడలేదు. వెళ్లి కూర్చున్నాను. 9–2 అయ్యేదాకా మళ్లీ లేవలేదు.

మొత్తం యాభై నిమిషాలు. అందులో నేను నిలబడి ఉన్నది పది నిమిషాలుంటుందేమో. చెయ్యి కలిపేటప్పుడు ఆయన ఒకే మాట చెప్పాడు. "బ్రేక్‌లో బలం సగం చేయి. తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో చూడు, మిగతావి వాటంతటవే పడతాయి."

బయటికొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాను. ఓడిపోయానని, మళ్లీ డబ్బు కడితే ఇంకో ఆట ఆడొచ్చని చెప్పాను. అమీర్‌పేటలో ఓడితే బిల్లు కట్టి ఇంటికెళ్లేవాళ్లం, ఇక్కడ ఓడితే బిల్లు కట్టి లోపలికెళ్తారు.

"మళ్లీ ఆయనతోనే ఆడాలా?"

"కాదు, డ్రా మళ్లీ తీస్తారు."

"అయితే కట్టండి. ఆయనతోనే అయితే వద్దు, దండగ."

ఇంత సూటిగా ఆలోచించే మనిషి ఆ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలో ఒక్కరూ లేరు. నా ముందున్నాయన గొణుక్కుంటూ లెక్కలు వేసుకుంటున్నాడు, నా వెనకాయన భార్యకి ఫోన్లో గెలిచానని చెప్తున్నాడు.

మూడో రౌండు రాత్రి తొమ్మిది దాటాక. ఎదురుగా పదిహేనేళ్ల కుర్రాడు, పళ్లకి క్లిప్పు. వాళ్లమ్మ వెనక కూర్చుని ఏదో అల్లుకుంటోంది. కుర్రాడు నన్ను 'సర్' అని పిలిచినప్పుడల్లా నా వయసు ఒక ఏడు పెరిగింది. చిన్నపిల్లాడని తేలిగ్గా తీసుకోలేదు. పూల్‌లో చిన్నపిల్లలంత ప్రమాదకరమైనవాళ్లు లేరు, వాళ్లకింకా తప్పిపోయిన బంతులు గుర్తుండవు.

ప్రొఫెషనల్ చెప్పినట్టు బ్రేక్‌లో బలం తగ్గించాను. పనిచేసింది. నమ్మండి, రెండో ర్యాకు నుంచే రెక్క బంతి మూలకి పాకడం మొదలైంది. కొత్త టిప్ కూడా దారికొచ్చింది. 4–2, 5–5, తర్వాత వాడు 8–6. నాకిక చెమటలు పట్టాల్సింది, ఎందుకో పట్టలేదు. ఎనిమిదో బంతి వెనక వాణ్ణి దాచి ఒక ర్యాకు లాక్కున్నాను, ఇంకోటి బ్రేక్ నుంచి చివరిదాకా నేనే వేశాను. జీవితంలో తొమ్మిదడుగుల బల్ల మీద బ్రేక్ కొట్టి తొమ్మిదీ దించేయడం నాకదే మొదటిసారి. 8–8. ఇద్దరికీ ఒక్కటే కావాలి. దీన్ని హిల్-హిల్ అంటారు. పక్క బల్లల వాళ్లు కూడా మా వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్లమ్మ అల్లిక ఆపేసింది.

బ్రేక్ నాది. బంతులు పేర్చి, సందులన్నీ తడిమి చూసి, పక్కకి జరిగి, సగం బలంతోనే కొట్టాను. రెక్క బంతి పాకుతూ వెళ్లింది. పాకెట్ పెదవి దాకా వెళ్లి, అక్కడ ఆగింది. తెల్ల బంతి బల్ల మధ్యలో బ్రహ్మాండంగా నిలబడింది, ఒకటో నంబరు దానికి ఎదురుగా. నాకోసం కాదు, వాడికోసం.

వెళ్లి కూర్చున్నాను. వాడు చాక్ రాసుకుంటూ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఒకటి పడింది. రెండు. మూడుకి కాస్త ఎక్కువ దూరం పోయింది, వాళ్లమ్మ ఊపిరి బిగబట్టిన చప్పుడు నాకు వినబడింది, నేనూ బిగబట్టాను, వేరే కారణానికి. పడింది. ఐదు దగ్గర నా చూపు తెలియకుండానే ఏడు మీదికి వెళ్లింది. ఆ మధ్యాహ్నం నేర్చుకున్న విద్య అది, కుర్చీలోంచి ఇంకొకడి ఆటలో పనికొస్తోంది. ఏడుకి కుడిపక్క ఆగు, ఎడమపక్కకి పోకు అని మనసులో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, వాడు తప్పాలి కదా నాకు. కుడిపక్కే ఆగాడు. ఎనిమిది. తొమ్మిది నేరుగా ఉంది. వాడు తొందరపడలేదు.

చెయ్యి కలిపి, వాళ్లమ్మకి డబ్బా తెరిచి చూపించాను. చివరి రెండు అరిసెలు మిగిలాయి. కుర్రాడు ఒకటి నోట్లో పెట్టుకుని మరీ పరిగెత్తాడు ఫలితం చెప్పడానికి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దాయన నన్ను యాక్షన్ జరిగే చోటికి తీసుకెళ్లాడు. యాక్షన్ అంటే పందెం ఆటలు, తెల్లవార్లూ. ఒక బల్ల మీద ఇద్దరు ముసలివాళ్లు వన్ పాకెట్ ఆడుతున్నారు. చెరొకరికీ ఒక్క మూల పాకెట్టే సొంతం, అందులో ఎనిమిది బంతులు ముందు వేసినవాడు గెలుస్తాడు. ఆట ముప్పావు వంతు బంతిని దాచడం, అవతలివాణ్ణి ఇరికించడం. నేను చూస్తుండగా ఒక ర్యాకు యాభై నిమిషాలు నడిచింది. వాళ్లకి బల్ల ఎంతో కుర్చీ కూడా అంతే సొంతం. టోపీ సర్దుకోవడం, కాఫీ తాగడం, అవతలివాడు వంగినప్పుడు ఆవులించకపోవడం, అన్నీ ఆటలో భాగమే. ఎవరో ఒకాయన నా పక్కకొచ్చి ఎంతకి ఆడతావు అన్నాడు. ఆడనన్నాను. ఏడో నంబరు కూడా నీకు గెలుపు బంతిగా ఇస్తాను అన్నాడు. నేను మళ్లీ వద్దన్నాను. ఆరు కూడా ఇస్తానన్నాడు. అప్పుడు పెద్దాయన నా భుజం పట్టుకుని బయటికి లాక్కొచ్చి, "నీ ఆట చూడకుండానే ఆరు ఇస్తున్నాడంటే, చూశాడన్నమాట" అన్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో సిన్సినాటి దాటాక గ్యాస్ కోసం ఆగాం. పెద్దాయన లోపలికి వెళ్లాడు. నేను హాల్లో దిగిన ఫోటో ఒకటి అమీర్‌పేట రూమ్మేట్‌కి పంపాను. ఇప్పుడు కొండాపూర్‌లో ఉంటున్నాడు, అక్కడ రాత్రి. వెంటనే జవాబొచ్చింది.

"గెలిచావా మామా?"

"ఒకటి గెలిచా, రెండు ఓడా."

"అయితే బిల్లు నీదే."

కట్టేశాను, రెండుసార్లు అని రాసి, పంపు పైపు తగిలించి వచ్చి కారెక్కాను.